తునికి చేవ: నల్లమల నల్లకర్ర లక్షణాలు, పేర్లు, వినియోగం

వ్యాససంగ్రహం: నల్లమల అడవిలో విరివిగా పెరిగే తునికి చెట్టు ఇవాళ ఆకు వల్ల, కొంతవరకు పండు వల్ల మాత్రమే పరిచితం. శాస్త్రనామంలోనూ సంస్కృత పర్యాయపదాలలోనూ ఈ చెట్టును గుర్తించింది మాత్రం దాని లోపలి నల్లని చేవతో. బరువైన, సన్నని నేత గల ఆ కర్ర లక్షణాలను, దాని పేర్లలో నిలిచిన దారుజ్ఞానాన్ని, ఆకు వ్యాపారం వల్ల చెట్టు ఆకృతిలో వచ్చిన మార్పును మన్ననూర్ పరిసరాల నేపథ్యంలో ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: తునికి, తిందుకం, చేవ, సారం, నల్లమల, చెంచులు, తునికాకు.

1. ప్రవేశిక

హైదరాబాదు నుంచి శ్రీశైలం వెళ్ళే దారిలో మన్ననూర్ వద్ద అటవీశాఖ తనిఖీ కేంద్రం ఉంది. రాత్రి తొమ్మిదికి మూసి ఉదయం ఆరింటికి తెరిచే ఆ గేటు దాటితే అమ్రాబాద్ పులుల అభయారణ్యం మొదలవుతుంది. నాగర్‌కర్నూల్ జిల్లా అమ్రాబాద్ మండలానికి చెందిన ఈ గ్రామంలోనే చెంచుల అభివృద్ధికి ఉద్దేశించిన సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ కార్యాలయం కూడా ఉంది. పీఠభూమి అంతటా పరచుకొన్నది పొడి ఆకురాల్చు అడవి. చిరుమాను, నల్లమద్ది, ఏగి, నారేపి, బిల్లుడు, అందుగు, వెదురు కలగలిసి పెరిగే ఈ అడవిలో తునికి కనిపించని చోటు అరుదు. కాని అనేకచోట్ల అది చెట్టుగా కాక, మోకాలెత్తు పొదగా కనిపిస్తుంది.

ఈ పొదను చూసినవారికి దాని శాస్త్రనామం వింతగా తోస్తుంది. డయోస్పైరోస్ మెలనోక్సైలాన్ అనే ఆ పేరులోని రెండవ పదానికి గ్రీకు భాషలో ‘నల్లకర్ర’ అని అర్థం. ప్రపంచ విపణిలో ఎబొనీ అనే పేరుతో చలామణి అయ్యే నల్లని దారువుల కుటుంబానికి చెందినదే తునికి. ఆంగ్లంలో దీనికి ‘కోరమాండల్ ఎబొనీ’ అనే పేరు కూడా స్థిరపడింది. పేరులో కర్ర ఉంది. అడవి అంచు ఊళ్ళలో మాటకు వచ్చేది ఆకు. ఈ రెండింటి నడుమ ఏర్పడిన ఎడం ఎలాంటిదో తెలియాలంటే ముందుగా కర్రను చూడాలి.

2. చేవ ఎలా ఏర్పడుతుంది?

ముదిరిన చెట్టు మొద్దును అడ్డంగా కోస్తే రెండు వలయాలు కనిపిస్తాయి. బెరడుకు ఆనుకొని ఉండే లేతరంగు భాగంలో బ్రతికి ఉన్న కణాలు ఉంటాయి. వేరు పీల్చిన నీరు ఆకులకు చేరేది ఈ భాగం గుండానే. నడిమి భాగంలో కణాలు మరణించి ఉంటాయి. నీటి ప్రసరణ ఆగిపోయి ఉంటుంది. చెట్టును నిలబెట్టడమే ఆ భాగం చేసే పని. వడ్రంగులు దీనిని చేవ అంటారు, వెలుపలి భాగాన్ని తెల్లచెక్క అంటారు. చేవ ఏర్పడడమంటే కేవలం కణాలు చనిపోవడం కాదు. చనిపోయే ముందు ఆ కణాలు తమలో నిలువ ఉన్న పిండిపదార్థాన్ని ఇతర రసాయనాలుగా మార్చి చుట్టూ ఉన్న నాళాలలోకి, కణాల గోడలలోకి నింపుతాయి. రంగు, వాసన, పురుగుకు లొంగని గుణం ఈ రసాయనాల వల్లనే కలుగుతాయి. టేకులో అది బంగారు గోధుమవన్నె, చండ్రలో ముదురు ఎరుపు, తునికిలో నలుపు.

తునికి తెల్లచెక్క నిజానికి తెల్లగా ఉండదు. గులాబి ఛాయ కలిసిన బూడిదరంగులో ఉంటుంది. మొద్దులో ఎక్కువ భాగం ఇదే. నడిమి నలుపు చిన్నది. పైగా అది గుండ్రంగా, సమంగా విస్తరించదు. అంచులు చీలికలు పేలికలుగా ఉంటాయి. కొన్నిచోట్ల ఊదా, గోధుమరంగు చారలు దూరి ఉంటాయి. గాయం తగిలిన చోట, కొమ్మ విరిగిన చోట నలుపు పొడవుగా సాగుతుంది. అందువల్ల నిలువెత్తు మానును చూసి లోపల ఎంత చేవ ఉన్నదో చెప్పడం సాధ్యం కాదు, కోసి చూడవలసిందే. ఈ ఇబ్బంది తునికికే పరిమితం కాదు. మధ్య ఆఫ్రికాలోని కామెరూన్‌లో ఎబొనీ చెట్లను నరికేవారు చారలు ఉన్న మొద్దులను ధర రాదని అడవిలోనే వదిలివేసేవారు. పూర్తిగా నల్లని ఒక మొద్దు కోసం ఎన్నో చెట్లు కూలేవి.

సూక్ష్మదర్శినిలో తునికి కర్ర నిర్మాణం స్పష్టంగా తెలుస్తుంది. నీటినాళాలు చాలా చిన్నవి. ఒంటరిగానో, రెండు మూడు కలిసి వరుసగానో, మొద్దు అంతటా చెదిరి ఉంటాయి. వాటి నడుమ సన్నని అడ్డగీతల వలె మృదుకణాల వరుసలు, కేంద్రం నుంచి వెలుపలికి సాగే అతి సన్నని కిరణాలు ఉంటాయి. చేవలో ఈ నాళాలన్నీ నల్లని జిగురువంటి పదార్థంతో నిండిపోతాయి. నాళాలు పెద్దవైన టేకు, చండ్ర వంటి కర్రలను నున్న చేసినప్పుడు కూడా ఉపరితలం మీద సూదిబెజ్జాల వంటి గాళ్ళు మిగులుతాయి. వాటిని మెత్తతో పూడ్చి మెరుగు పెట్టాలి. తునికి చేవలో పూడ్చవలసిన గాళ్ళు లేవు. చిత్రిక పట్టి రుద్దితే అద్దంలా మెరుస్తుంది. ‘సన్నని నేత’ అని దారుశాస్త్రం వర్ణించే గుణం ఇదే.

బరువు సంగతి వేరు. ఆరిన టేకు ఘనమీటరుకు సుమారు 650 కిలోలు తూగితే, తెల్లచెక్క, చేవ కలిసిన తునికి కర్ర 800 నుంచి 900 కిలోల వరకు తూగుతుంది. నల్లని చేవను మాత్రమే వేరుచేసి తూచితే అది వెయ్యి దాటవచ్చు. అంటే నీటిలో వేస్తే మునుగుతుంది. బరువు, సన్నని నేత రెండూ ఒకే గుణానికి రెండు పేర్లు కావని ఇక్కడ గమనించాలి. నల్లమలలోనే పెరిగే నారేపి భారతదేశంలోని అత్యంత బరువైన కర్రలలో ఒకటి. తమిళులు దానిని ఆచ్చా అంటారు. నాదస్వరం తొలిచేది ఆ కర్రతోనే. అయినా దాని పోగులు మెలికలు తిరిగి ఉండడం వల్ల తునికి చేవకు వచ్చేటంత నునుపు దానికి రాదు. బిల్లుడు కర్ర బరువైనదీ, సన్ననిదీ కూడా. అయితే పసుపువన్నెలో పట్టుబట్ట వలె నిగనిగలాడుతుంది. ఆంగ్లేయులు దానిని సాటిన్‌వుడ్ అన్నారు.

ఇంత గట్టి కర్రను పనిలో పెట్టడం తేలిక కాదు. ఉలి, రంపం పళ్ళు త్వరగా మొద్దుబారతాయి. ఆరేటప్పుడు పగుళ్ళు తీస్తుంది. మొద్దుగా ఆరబెడితే నడిమికి చీలిపోతుంది. అందుకని పచ్చిగా ఉన్నప్పుడే చిన్న ముక్కలుగా కోసి, గాలి, ఎండ నేరుగా తగలకుండా కప్పి, నెమ్మదిగా ఆరనివ్వాలి. నరకడానికి ముందే మాను చుట్టూ బెరడును వలయంగా తొలగించి నిలువునా ఎండనివ్వడం మరొక పద్ధతి. కోసేటప్పుడు లేచే పొడి చర్మానికి, ముక్కుకు దురద పుట్టిస్తుంది. డయోస్పైరోస్ జాతులలో ఉండే నాఫ్తోక్వినోన్ వర్గపు రసాయనాలు పురుగులను దూరంగా ఉంచుతాయి.

3. పేర్లలో నిలిచిన కర్ర

తెలంగాణలో తునికి అనీ, కోస్తా, రాయలసీమ ప్రాంతాలలో తుమికి అనీ వ్యవహరించే ఈ చెట్టు ఊరిపేర్లలోకి కూడా ఎక్కింది. సిద్దిపేట జిల్లాలోని తునికి బొల్లారం అందుకు ఉదాహరణ. సంస్కృతంలో దీనికి తిందుకం అని పేరు. హిందీలోని తేందూ దాని నుంచి వచ్చినదే. ఉర్దూలో నల్లకర్రను ఆబ్నూస్ అంటారు. ప్రాచీన ఈజిప్టు భాషలోని పదం గ్రీకులోకి ఎబెనోస్‌గా చేరి, అక్కడి నుంచి పశ్చిమాసియా భాషలలోకి ఆబ్నూస్‌గా వచ్చింది. ఆంగ్లంలోని ఎబొనీ కూడా ఆ మూలానికి చెందినదే.

అమరకోశం వనౌషధివర్గంలో తిందుకానికి చెప్పిన పర్యాయపదాలు స్ఫూర్జకం, కాలస్కంధం, శితిసారకం. ఇవి నిఘంటువును వల్లె వేసినవారికి నోటికి వచ్చే మాటలే. వాటిని చెట్టు పక్కన నిలిపి చదివితే ఒక్కొక్కటి ఒక్కొక్క పరిశీలనను చెబుతుంది. కాలస్కంధం అంటే నల్లని మ్రాను గలది. తునికి బెరడు నిజంగానే నల్లన. మొసలి వీపు వలె చిన్న చిన్న పలకలుగా పగిలి ఉంటుంది. ఇది వెలుపలి నుంచి చూసినవాడు పెట్టదగిన పేరు. శితిసారకం అలాంటిది కాదు. శితి అంటే నలుపు, సారం అంటే చెట్టు లోపలి గట్టిభాగం. చెట్టును కోసి లోపల చూసినవాడు తప్ప ఈ పేరు పెట్టలేడు. తిందుక శబ్దం ఒక్క జాతికే పరిమితం కాదనీ, నీటిపట్టున పెరిగే మరొక జాతికి కూడా వర్తిస్తుందనీ వ్యాఖ్యాతలు, వైద్యగ్రంథాలు సూచిస్తున్నాయి. లోపలి నలుపును ముఖ్యలక్షణంగా పట్టుకొన్న శితిసారక శబ్దం మాత్రం నల్లని చేవ గల జాతులకే చక్కగా అతుకుతుంది.

స్ఫూర్జకంలోని ధాతువుకు ఉరమడం, చిటపటలాడడం అని అర్థాలు. తిందుకపు కట్టె మండే తీరుతో ఈ పేరును ముడిపెట్టవచ్చు. మహాభారతం ఉద్యోగపర్వంలోని విదులోపాఖ్యానంలో ఓడి ఇల్లు చేరిన కుమారుణ్ణి తల్లి మందలిస్తుంది. ఊకపొగలా మగ్గేకంటె క్షణకాలమైనా ప్రజ్వలించడం మేలనే ఆమె వాదానికి ఉపమానంగా నిలిచింది తిందుకపు కొరవి. మరే కట్టెను చెప్పినా ఉపమానం నడుస్తుంది. తిందుకమే ఎందుకు అనే ప్రశ్నకు జవాబు అలంకారశాస్త్రంలో కంటె పొయ్యి దగ్గర దొరుకుతుంది.

సారం అనే మాటను అమరకోశం నానార్థవర్గంలో మళ్ళీ ప్రస్తావిస్తూ దానికి బలమనీ, స్థిరమైన అంశమనీ అర్థాలు చెప్పింది. చెట్లను సారం ఉండే చోటును బట్టి వేరుచేసే దృష్టి కూడా ఆ కోశంలోనే ఉంది. వెదురుకు చెప్పిన త్వక్సారం, త్వచిసారం అనే పేర్లకు తోలులోనే గట్టిదనం గలది అని అర్థం. తమిళ వ్యాకరణమైన తొల్కాప్పియం ఇదే విభజనను మరింత స్పష్టంగా చేసింది: వెలుపల గట్టిదనం గలవి ‘పుల్’, లోపల గట్టిదనం గలవి ‘మరం’. ఆధునిక వృక్షశాస్త్రం ఏకదళబీజాలు, ద్విదళబీజాలు అని చేసే విభజనకు ఇది చాలా దగ్గరగా వస్తుంది. నల్లమలలో పక్కపక్కనే పెరిగే వెదురు, తునికి ఈ రెండు వర్గాలకు నిండైన ఉదాహరణలు.

తెలుగులో చేవ శబ్దం సారం నడిచిన దారినే నడిచింది. తమిళంలో మాను లోపలి గట్టిభాగానికి ఉన్న చేగు అనే పదం దీనికి జ్ఞాతి. బ్రౌన్ 1852లో ప్రచురించిన తెలుగు నిఘంటువు చేవకు మాను గర్భంలోని గట్టిభాగం అనే అర్థాన్నీ, బలం అనే అర్థాన్నీ రెండింటినీ నమోదు చేసింది. చేవగలవాడు, చేవ చచ్చినవాడు, చేవదేరిన చేయి వంటి ప్రయోగాలలో ఇవాళ చదువరికి కనిపించేది రెండవ అర్థమే. మొదటిది వడ్రంగుల వాడుకలోనే మిగిలింది. చేవదేరడం అనే క్రియకు కాలం ఇరుసు. లేత మానులో చేవ ఉండదు. ఏళ్ళు గడిస్తే తేలుతుంది. ఈ సంగతి మరచి చేవను ఉట్టి బలంగా అనువదిస్తే మాటలోని కాలం జారిపోతుంది. బలం ఉన్నట్టుండి రావచ్చు. చేవ అలా రాదు.

శాస్త్రనామం కూడా తెలుగునేల మీదనే పుట్టింది. ఈస్టిండియా కంపెనీ వైద్యుడుగా వచ్చిన విలియం రాక్స్‌బర్గ్ 1780ల నుంచి సామర్లకోటలో ఉండి ఉత్తర సర్కారుల మొక్కలను పరిశీలించాడు. భారతీయ చిత్రకారుల చేత బొమ్మలు వేయించాడు. కోరమాండల్ తీరపు మొక్కల మీద అతడు రచించిన గ్రంథం మొదటి సంపుటం 1795లో లండన్‌లో వెలువడింది. తునికికి మెలనోక్సైలాన్ అనే పేరు పెట్టింది అందులోనే. అదే సంపుటంలో బిల్లుడుకు అతడు పెట్టిన పేరులోనూ ‘క్సైలాన్’ ఉంది: క్లోరోక్సైలాన్, అంటే పచ్చని ఛాయ గల కర్ర. పువ్వును, ఆకును బట్టి మొక్కలను వర్గీకరించే లిన్నేయస్ సంప్రదాయంలో పనిచేస్తూనే ఈ రెండు చెట్లకు కర్ర పేరు పెట్టడం గమనించదగినది. పెద్ద మాన్ల నడిమి భాగం మాత్రమే నల్లన అనీ, దాని పరిమాణం చెట్టు వయసును బట్టి మారుతుందనీ, వెలుపలి చెక్కను కాలమూ పురుగులూ తినివేయగా నల్లని భాగం చెక్కుచెదరక మిగులుతుందనీ అతడు నమోదు చేశాడు. శితిసారకం, మెలనోక్సైలాన్: రెండు భాషలలో, ఎన్నో శతాబ్దాల ఎడంతో, ఒకే కోత చూసి పెట్టిన పేర్లు.

4. కర్ర వినియోగం

తునికి వినియోగం రెండు పాయలుగా సాగింది. చేవ కంటె ఎక్కువగా దొరికే వెలుపలి చెక్క గట్టిది, వంగి విరగనిది. కావడిబద్దలకు, బండి పోలుగర్రలకు, గొడ్డళ్ళ, పారల పిడులకు, ఇంటి వాసాలకు అది పనికివచ్చింది. చేవ చిన్న వస్తువులకే దక్కింది: చేతికర్రలు, దువ్వెనలు, పెట్టెలు, పొదుగుపనికి పలుచని పలకలు, కత్తిపిడులు. నలుపు మొద్దులో ఎక్కడ ఎంత ఉన్నదో తెలియని కర్రతో పెద్ద పలకలు తీయడం సాధ్యం కాకపోవడమే ఇందుకు కారణం.

తెలుగు తీరంలో నల్లకర్ర పనితనానికి పేరు విశాఖపట్నం నుంచి వచ్చింది. 18వ శతాబ్దంలో అక్కడి పనివారు ఎబొనీ, గంధపు చెక్క, ఇరుగుడు మీద దంతం పొదిగి ఐరోపావారి కోసం పెట్టెలు, కుర్చీలు, అలమరలు చేశారు. అంతకు ముందే, 17వ శతాబ్దంలో, కోరమాండల్ తీరంలో ఎబొనీతో చెక్కిన కుర్చీలు ఓడలెక్కి ఐరోపా చేరాయి. వాటి వెనుక ఒక వినోదం ఉంది. ఇంగ్లండులో హొరేస్ వాల్పోల్ అనే రచయిత తన స్ట్రాబెరీ హిల్ భవనం కోసం ఇటువంటి కుర్చీలను సేకరించాడు. అవి ట్యూడర్ రాజుల కాలపు ఇంగ్లిషు పనితనమని నమ్మాడు. ఆ నమ్మకం ఇంగ్లండులో చాలాకాలం చెల్లింది. ఈ తీరపు పనివారు చెక్కిన కర్ర మరొక దేశపు ప్రాచీనతకు సాక్ష్యమై కూర్చుంది.

నేడు నల్లకర్రకు గిరాకీ ప్రధానంగా సంగీతవాద్యాలలో ఉంది. వాయులీనం మెడ మీద వేళ్ళు ఆనే నల్లని పలక, తంతులు బిగించే బిరడలు సంప్రదాయంగా ఎబొనీతో చేసేవే. వేళ్ళ చెమటకు, తంతుల రాపిడికి అరగకుండా, గాళ్ళు లేకుండా ఉండే కర్ర అక్కడ అవసరం. కర్ణాటక సంగీత వేదిక మీద రోజూ కనిపించే ఆ పలకలు శ్రీలంకవో, ఆఫ్రికావో కావచ్చు. కుటుంబం మాత్రం తునికిదే. మడగాస్కర్ ఎబొనీ జాతులు అక్రమ నరికివేతతో తరిగిపోవడం వల్ల 2013లో వాటిని అంతర్జాతీయ వాణిజ్య నియంత్రణ ఒడంబడిక రెండవ అనుబంధంలో చేర్చారు.

5. ఆకు కోసం ఆగిన చెట్టు

తునికికి నేలలోపల మరొక బలం ఉంది. దాని వేళ్ళు భూమికి దగ్గరగా పరచుకొని ఎక్కడికక్కడ కొత్త పిలకలు వేస్తాయి. నరికినా, కాల్చినా, పశువులు తొక్కినా మొదలు మళ్ళీ చిగురిస్తుంది. కర్రగా చూస్తే ఇది నెమ్మదిగా పెరిగే చెట్టు. పొదగా చూస్తే చంపడానికి వీలులేని మొక్క. బీడీ పరిశ్రమ ఈ రెండవ గుణం మీద నిలబడింది.

20వ శతాబ్దం ఆరంభంలో జబల్పూర్ ప్రాంతంలో వేళ్ళూనిన బీడీ తయారీ అన్ని ఆకులనూ పరీక్షించి చివరకు ఈ ఆకును ఎన్నుకొంది. ఆకు వెడల్పు, ఎండినా చిట్లకుండా చుట్టుకునే మెత్తదనం, నెమ్మదిగా కాలే గుణం ఇందుకు కారణాలు. అయితే పెద్ద చెట్టు ముదురాకు పనికిరాదు. శిశిరం చివర, ఫిబ్రవరి–మార్చి నెలలలో పొదలను నేల మట్టానికి కొడతారు. నెలా నెలన్నరకు మొదళ్ళ నుంచి లేత ఆకు వస్తుంది. ఏప్రిల్–మే నెలలలో దానిని కోసి, యాభై ఆకులకు ఒక కట్ట చొప్పున కట్టి, కల్లంలో ఎండబెడతారు. వెయ్యి కట్టలు ఒక ప్రామాణిక సంచి. ఒక సంచికి యాభై వేల ఆకులన్నమాట. ప్రతి ఆకూ ఒక చేయి తాకినదే.

ఆంధ్రప్రదేశ్‌లో 1971 నాటి చిన్నతరహా అటవీ ఉత్పత్తుల వ్యాపార నియంత్రణ చట్టంతో తునికాకు వ్యాపారం ప్రభుత్వం చేతికి వచ్చింది. ఉత్తర తెలంగాణ జిల్లాలలో కట్ట ధర మీద ఆ తరువాతి దశాబ్దంలో జరిగిన కూలి పోరాటాలు ఆ ప్రాంతపు రాజకీయ చరిత్రలో భాగం. వ్యవసాయపనులు లేని ఎండాకాలంలో చేతికి వచ్చే ఆ కూలి లక్షల కుటుంబాలకు ఆసరా. కనుక ఆకు వ్యాపారాన్ని చెట్టుకు జరిగిన అపచారంగా చూపడం న్యాయం కాదు. కర్ర కోసం చెట్టును నరికితే చెట్టు పోతుంది. ఆకు కోసం కొడితే చెట్టు చావదు, కాని ముదరదు. ఏటా కొట్టే పొదలో వేలి మందానికి మించి కాండం ఎదగదు. అంత సన్నని కాండంలో నల్లని చేవ తేలదు. వేరు వయసు ఎన్ని దశాబ్దాలైనా పైన కనిపించే మొక్క ఎప్పుడూ ఏడాదిదే.

చట్టం కూడా ఈ చెట్టును రెండుగా చూస్తుంది. 2006 నాటి అటవీ హక్కుల చట్టం చిన్నతరహా అటవీ ఉత్పత్తులను నిర్వచించేటప్పుడు వెదురు, తేనె, మైనం, లక్కలతో పాటు తునికాకును పేరుపెట్టి చేర్చింది; వాటి మీద అడవివాసులకు యాజమాన్య హక్కు ఇచ్చింది. ఆ నిర్వచనం కలపేతర ఉత్పత్తులకే పరిమితం. చెట్టు ఒక్కటే అయినా ఆకు అడవివాసి హక్కు పరిధిలోకి వస్తుంది. మాను 1967 నాటి అటవీ చట్టం కింద అటవీశాఖ పరిధిలో ఉంటుంది. త్వక్సారం, అంతస్సారం అని పూర్వులు చేసిన విభజనకు ఇది ఊహించని కొత్త రూపం.

నిఘంటు నిర్మాణంలోనూ ఈ మార్పు జాడ చూడవచ్చు. తునికి అన్న ఆరోపం కింద బీడీ ఆకు చెట్టు అని మాత్రమే వ్రాస్తే అది నేటి వాడుకకు సరిపోతుంది. శితిసారక శబ్దంతో ఉన్న లంకె తెగిపోతుంది. శితిసారకం కింద ‘ఒకానొక వృక్షం’ అని సరిపెడితే రెండవ వైపు నుంచి అదే లంకె తెగుతుంది. మొక్కల పేర్లకు వచ్చే అర్థవివరణలలో ఏ భాగం వల్ల ఆ పేరు వచ్చిందో చెప్పే ఒక్క వాక్యం చేర్చడం పెద్ద శ్రమ కాదు.

6. పండే చెట్లు

మన్ననూర్ ఎగువ అడవిలో తునికి పూర్తిగా పొదగా మారిపోలేదు. పొద కాయదు, పండు కావాలంటే మాను కావాలి. పైగా తునికిలో ఆడచెట్టు వేరు, మగచెట్టు వేరు, ఆడచెట్లే కాస్తాయి. పచ్చికాయ నాలుకను పీక్కుపోయేటంత వగరు. వేసవిలో పండి పసుపురంగుకు తిరిగినప్పుడు గుజ్జు తియ్యగా, మెత్తగా ఉంటుంది.

1940లో అమ్రాబాద్ పీఠభూమి మీద చెంచుల నడుమ నివసించి పరిశోధన చేసిన క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్-హైమెండార్ఫ్ 1943లో వెలువరించిన గ్రంథంలో వారిని ప్రధానంగా అడవి పండ్లు, గడ్డల మీద ఆధారపడిన సంచార జీవులుగా వర్ణించాడు. ఇనుపమొన తొడిగిన తవ్వుకర్ర వారి ముఖ్యమైన పనిముట్టు. ఎండాకాలంలో తునికి పండు పెంటలలోని పిల్లలకు, పెద్దలకు నేటికీ ఆహారమే. కాచే చెట్టును నిలిపి ఉంచడానికి చెంచులకు ఉన్న కారణం అది. నల్లకర్ర మీద ఆసక్తి లేకుండానే, పండు కోసం, ఆ చెట్లు ముదరడానికి తావు దొరికింది.

పండును ఇష్టపడే మరొక జీవి ఎలుగుబంటి. అది మింగిన గింజలు పేడతో పాటు తల్లిచెట్టుకు దూరంగా పడతాయి. పిలకల వల్ల పెరిగే పొదలన్నీ ఒకే మొక్కకు కొనసాగింపులు. గింజ నుంచి మొలిచినది మాత్రం కొత్త చెట్టు. ఆ మొలక మొదటి సంవత్సరాలలో పైకి ఎదగడం కంటె తల్లివేరును రాళ్ళ సందులలోకి లోతుగా దించడానికే శక్తిని వెచ్చిస్తుంది. వేసవి మంట కాండాన్ని కాల్చివేసినా ఆ వేరు నుంచి తిరిగి లేస్తుంది. ఎవరూ కొట్టని చోట ఆ చిగురు మానవుతుంది. ఆ మాను నడుమ నలుపు తేలడానికి ఇంకా కొన్ని దశాబ్దాలు పడుతుంది.